చందమామ వెలుగులోనూ అదే గుంట: నక్షత్ర వర్ణపటం నుంచి మన గాలిలోని నీటి ఆవిరిని తీసేసిన ఒక కేసు

ఈ కేసు నా దగ్గరికి శుభవార్తగా వచ్చింది. మే నెల మధ్యాహ్నం, తిరుపతి ఎండలో, ఒక పరిశోధక విద్యార్థిని లాప్‌టాప్ పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చోకుండానే స్క్రీన్ నా వైపు తిప్పింది. "సార్, నక్షత్రం నుంచి వచ్చే గాలి వేగం పెరుగుతా ఉంది, చూడండి."

ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. నక్షత్రం పేరు, దూరదర్శిని, సంవత్సరం చెప్పను. వాటి అవసరం కూడా లేదు. ఇదే పొరపాటు ఏ వర్ణపటంలోనైనా, అంటే వెలుగును రంగులుగా విడగొట్టి పరచిన పట్టీలోనైనా, దూరుతుంది.

నేపథ్యం

ఆమె చూస్తున్నది ఒక జెయింట్ నక్షత్రం. మన సూర్యుడి కంటే చల్లన, పరిమాణంలో ఎన్నో రెట్లు పెద్దది. ఇలాంటి నక్షత్రాలు తమ పైపొరల్ని నెమ్మదిగా అంతరిక్షంలోకి వదులుతుంటాయి. ఆ ప్రవాహం మనకు కనిపించే చోట్లలో ఒకటి హైడ్రోజన్ వెలుగును మింగడం వల్ల పడే హెచ్-ఆల్ఫా గీత, 6562.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర (ఆంగ్‌స్ట్రామ్ తరంగదైర్ఘ్యానికి కొలత; కింద విడిగా వచ్చే ఇలాంటి అంకెలన్నీ అవే). నక్షత్రం నుంచి మన వైపు వాయువు వస్తుంటే ఆ గీతకు నీలి వైపు అంచులో అదనపు గుంట పడుతుంది. గుంట ఎంత దూరం జరిగితే వేగం అంత, ఎంత లోతుగా ఉంటే వాయువు అంత.

వర్ణపటాలు దక్షిణాదిలో ఓ కొండ మీది దూరదర్శినివి. ఫైబర్ ద్వారా వెలుగు తీసుకుని సన్నగా విడగొట్టే ఎషెల్ అనే వర్ణపట పరికరం, రిజల్యూషన్ సుమారు 60,000, అంటే సెకనుకు 5 కిలోమీటర్ల తేడాను విడదీయగలదు. జనవరి మధ్య నుంచి ఏప్రిల్ చివరిదాకా వీలు దొరికిన రాత్రుల్లో తీసినవి. చంద్రుడు ఆకాశంలో ఉన్న రాత్రుల్లో చంద్రుడి వర్ణపటం కూడా తీశారు. చంద్రుడి మీద పడి తిరిగొచ్చేది సూర్యకాంతే కాబట్టి, అదే పరికరంతో సూర్యుడి వర్ణపటం చేతికొస్తుంది. మూలకాల పాళ్లు కట్టేటప్పుడు సూర్యుడితో పోల్చడానికి అది పనికొస్తుందని తీసిపెట్టుకున్నారు. ఈ కథంతా చివరికి ఆ ఫైళ్ల మీదే నిలబడింది.

భూమి వాతావరణం వేసే గీతల సంగతి ఆమెకు తెలియక కాదు. వాటిని టెల్లూరిక్ గీతలంటారు. ఆ పేరు వాడుకలోకి తెచ్చినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మన గుంటూరు నుంచి చూసినవాడు ఆయనే. దానికి రెండేళ్ల ముందు పారిస్‌లో 37 మీటర్ల పొడవైన గొట్టం నిండా ఆవిరి పట్టి, దాని గుండా వెలుగు పంపి, సూర్యకాంతిలో కనబడే కొన్ని నల్ల గీతలు నీటి ఆవిరివేనని తేల్చాడు. గుంటూరు పేరు వచ్చినప్పుడల్లా మనం ఆ గ్రహణంతో ముడిపడిన హీలియం గురించి మాట్లాడుకుంటాం గానీ, నాకు మాత్రం ముందుగా ఆ ఆవిరి గొట్టమే గుర్తొస్తుంది.

ఆమె చూపించిన బొమ్మ

జనవరిలో గుంట హెచ్-ఆల్ఫాకు నీలి వైపు సెకనుకు సుమారు 80 కిలోమీటర్ల దగ్గర ఉంది. ఏప్రిల్ చివరికి సుమారు 120 దగ్గరికి చేరింది. రాత్రి తర్వాత రాత్రి, మెట్టు మెట్టుగా. అంతేకాదు, నెలలు గడిచేకొద్దీ లోతు కూడా పెరిగింది. గాలి వేగం పుంజుకుంటోంది, చిక్కబడుతోంది. బొమ్మ అంత అందంగా ఉంటే ఎవరికైనా నమ్మాలనిపిస్తుంది. వ్యాసం చిత్తుప్రతి అప్పటికే సగం సిద్ధంగా ఉంది.

"వాతావరణ గీతలు తీసేశావా అమ్మా?" అని అడిగాను.

"తీసేశాను సార్. స్టాండర్డ్ స్టార్‌తో భాగించాను. ఆక్సిజన్ బ్యాండ్ శుభ్రంగా పోయింది, కావాలంటే చూడండి."

చూశాను. 6867 దగ్గర మొదలయ్యే ఆక్సిజన్ బి-బ్యాండ్, ఫ్రౌన్‌హోఫర్ 1814లో 'బి' అని పేరు పెట్టిన ఆ నల్ల పట్టీ, నిజంగానే నున్నగా పోయింది. అబద్ధం ఎక్కడా లేదు. నన్ను కూడా ఓ పది నిమిషాలు నమ్మించింది ఆ నునుపే.

అనుమానం ఒకే ఒక్కచోట మొదలైంది. ఈ నక్షత్రం మార్చి మొదట్లో సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అంటే జనవరిలో భూమి దాని వైపు వెళ్తుంటుంది, ఏప్రిల్లో దాని నుంచి దూరంగా. ఆ మూడున్నర నెలల్లో భూమి వేగం వల్ల వచ్చే తేడా దాదాపు 40 కిలోమీటర్లు. గాలి పెంచుకున్న వేగం కూడా అంతే. నక్షత్రానికి మన పంచాంగం తెలియదు కదా.

మొదటి నిర్ణయం: సవరణను వెనక్కి తిప్పడం

శుద్ధి చేసే ప్రోగ్రాము ప్రతి వర్ణపటాన్నీ భూమి కదలికకు సరిచేసి, నక్షత్రం లెక్కలోకి మార్చి ఇస్తుంది. మంచి పనే. కానీ మనం వెతికే దొంగ భూమి మీదే ఉంటే ఆ సవరణ వాడిని దాచిపెడుతుంది. కాబట్టి కొత్త లెక్కలేవీ చేయకముందే ఆ సవరణను తీసేసి, దూరదర్శిని దగ్గర అందిన తరంగదైర్ఘ్యాల్లోనే అన్ని రాత్రుల్నీ ఒకదాని మీద ఒకటి పరచమన్నాను.

పరచింది. నక్షత్రం గీతలన్నీ ఎడమ నుంచి కుడికి జరిగాయి. గుంట ఒక్కటే కదల్లేదు. ప్రతి రాత్రీ 6560.6 దగ్గరే నిలబడి ఉంది. అక్కడ నీటి ఆవిరి గీత ఒకటుంది.

తర్వాత చంద్రుడి ఫైళ్లు తెరిచాం. ఎప్పుడో తీసి మూలన పెట్టినవి. అదే తావున అదే గుంట, అదే తీరుగా ఏప్రిల్‌కు లోతు పెరుగుతూ. నక్షత్రం నుంచి వీస్తున్న గాలైతే చందమామ వెలుగులో దాని గుర్తు ఉండకూడదు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. ఇంటికి పంపించి, రేపు రమ్మన్నాను.

ఆక్సిజన్ పోయి నీరెందుకు పోలేదు

మర్నాడు తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. ఆమె వాడిన పద్ధతి అందరూ వాడేదే. వేడిగా ఉండి వేగంగా తనచుట్టూ తాను తిరిగే నక్షత్రాన్ని అదే రాత్రి చూస్తారు. దాని సొంత గీతలు తక్కువ, ఉన్నవి బాగా పరుచుకుని ఉంటాయి కాబట్టి సన్నటి గీతలన్నీ మన గాలివే అనుకోవచ్చు. ఆ రెండు నక్షత్రాల వెలుగూ ఎంత మందం గాలిని దాటి వచ్చిందో, అంటే ఎయిర్‌మాస్ ఎంతో, చూసి ఆ నిష్పత్తికి తగ్గట్టు గీతల లోతు పెంచో తగ్గించో భాగిస్తారు.

ఆక్సిజన్ విషయంలో ఇది చక్కగా పనిచేస్తుంది. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం, ఎక్కడైనా ఎప్పుడైనా. ఎత్తుకు పోయేకొద్దీ గాలితోపాటే తగ్గుతుంది. రాత్రి పదింటికి ఎంత ఉందో తెల్లారుజామున మూడింటికీ అంతే ఉంటుంది. ఎయిర్‌మాస్ ఒక్కటి తెలిస్తే చాలు.

నీటి ఆవిరి అట్లా కాదు. అది చాలావరకు నేలకు దగ్గరగా, మొదటి రెండు మూడు కిలోమీటర్లలోనే ఉంటుంది. సముద్రం వైపు నుంచి గాలి మళ్లితే గంటల్లో మారిపోతుంది. ఇక్కడ మనవాళ్లందరికీ ఉన్న ఒక భ్రమ గురించి చెప్పాలి. వాన వెలిసిన తర్వాత శేషాచలం కొండలు చెట్టు చెట్టూ లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడతాయి. ఆకాశం శుభ్రంగా ఉంది, ఈ రాత్రి మంచి డేటా వస్తుందనుకుంటాం. కంటికి అడ్డం పడేది దుమ్ము, పొగ, మంచు బిందువులు. ఆవిరి కంటికి కనబడదు. కొండలు మెరిసిపోతున్న ఆ రోజే గాలి నిండా ఆవిరి ఉండొచ్చు. లాగ్‌బుక్‌లో 'ఆకాశం నిర్మలం' అన్న మాట నీటి గురించి ఏమీ చెప్పదు.

ఆమె స్టాండర్డ్ స్టార్‌ను రాత్రి మొదట్లో ఒక్కసారే తీసింది. అసలు నక్షత్రం అర్ధరాత్రి తర్వాత. మధ్యలో ఆవిరి మారింది. ఆక్సిజన్ బ్యాండ్ శుభ్రపడిందని చూసి నీరు కూడా శుభ్రపడిందనుకుంది. రెండూ మన గాలిలోనివే అయినా, ఒకదాని సాక్ష్యం రెండోదానికి చెల్లదు.

పనిచేయనివి

ముందు ఆమె పద్ధతినే మెరుగుపరచాలని చూశాం. కొత్తది మొదలుపెట్టే ముందు పాతది ఎందుకు విఫలమైందో అంచుదాకా వెళ్లి చూడడం నాకు అలవాటు. కొన్ని రాత్రుల్లో రెండో స్టాండర్డ్ స్టార్ కూడా ఉంది, సమయంలో దగ్గరగా. దానితో భాగించాం. గుంట తగ్గింది గానీ, దాని పక్కనే హెచ్-ఆల్ఫా అంచు అలలు అలలుగా వంకర తిరిగింది. కారణం ఆలోచిస్తే సిగ్గేసింది. వేడి నక్షత్రానికి సొంత గీతలు తక్కువే, కానీ ఉన్నవాటిలో పెద్దది హైడ్రోజన్‌దే. ఖాళీ కాగితం లాంటిదనుకున్న నక్షత్రం మనకు కావలసిన చోటే ఖాళీగా లేదు. ఆ వెడల్పాటి గీతను ముందు గీసి తీసేయాలి. ఆ గీయడంలో దొర్లిన ప్రతి తప్పూ మన నక్షత్రం మీదికి వస్తుంది. (సోడియం డి-గీతల దగ్గర ఇంకో గోతి ఉంది. దూరపు వేడి నక్షత్రమైతే దారిలోని అంతరిక్ష వాయువు సోడియం గీతలు కూడా దానిలో ఉంటాయి. భాగిస్తే మన నక్షత్రంలో లేని వెలుగు పుట్టుకొస్తుంది.)

రెండో ప్రయత్నం ఆమెది. స్టాండర్డ్ గీతల లోతును మార్చే సంఖ్యను చేత్తో తిప్పుతూ, 6560.6 దగ్గర అంచు నున్నగా అయ్యేదాకా సర్దడం. స్క్రీన్ మీద చూడ్డానికి ఇంతకంటే బాగున్న ఫలితం మరొకటి రాలేదు. నేను ఒప్పుకోలేదు. ఆమెకు కోపం కూడా వచ్చింది. "గుంట పోయింది కదా సార్, ఇంకేం కావాలి?"

నా వాదన ఇది. ఏ చోట నక్షత్రం గురించి తెలుసుకోవాలనుకుంటున్నామో, ఆ చోటే నున్నగా ఉండాలని ముందే నిర్ణయించేస్తే, నక్షత్రానికి నిజంగా అక్కడ ఏదైనా ఉన్నా దాన్నీ చెరిపేస్తాం. మాటలతో ఒప్పించలేనని తెలిసి పరీక్ష పెట్టాం. ఒక రాత్రి వర్ణపటంలో, గుంట పక్కన, మేమే ఒక చిన్న కృత్రిమ గుంటను లెక్కకట్టి దూర్చాం. దాని లోతు మాకు తెలుసు. తర్వాత ఆమె పద్ధతిలో మళ్లీ సర్దింది. దూర్చిన గుంటలో మూడోవంతు దాకా మాయమైంది. ఆ తర్వాత ఆమె ఆ పద్ధతి గురించి మళ్లీ అడగలేదు. ఈ దూర్చి చూసే పరీక్షను ఆ రోజు నుంచి ప్రతి పద్ధతికీ పెట్టాం.

చెడిన రాత్రుల్ని వదిలేయడమా అన్న మాట కూడా వచ్చింది. వదిలేస్తే ఏప్రిల్ రాత్రులన్నీ పోతాయి, మార్పును చూడడానికి ఏమీ మిగలదు. 4,500 మీటర్ల ఎత్తున్న లదాఖ్‌లోని హాన్లేలో ఆవిరి చాలా తక్కువ, అక్కడికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ గడిచిపోయిన రాత్రుల్ని హాన్లే తిరిగి తేలేదు. ఉన్నవాటినే కాపాడుకోవాలని నిర్ణయించుకున్నాం.

పనిచేసినది

స్టాండర్డ్ స్టార్‌ను పక్కన పెట్టి, గాలినే లెక్కకట్టాం. ఏ అణువు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వెలుగు మింగుతుందో హైట్రాన్ పట్టికలో ఉంది. గాలిని పొరలు పొరలుగా తీసుకుని, ఒక్కో పొర ఉష్ణోగ్రత, పీడనం, తేమ ఇస్తే మొత్తం వర్ణపటాన్ని కట్టి ఇచ్చే ప్రోగ్రాములున్నాయి. పొరల వివరాలు ఎక్కడివి? తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్న ఊరు. అక్కడ బెలూన్లు ఎగరేసి ఎత్తును బట్టి గాలి తేమ, ఉష్ణోగ్రత కొలుస్తారు. మా దూరదర్శినికి అది మరీ దూరం కాదు.

ఇక్కడ ఇంకో నిర్ణయం. బెలూన్ ఎగిరిన చోటు వేరు, వేళ వేరు. అది చెప్పిన నీటి మొత్తాన్ని నమ్మితే స్టాండర్డ్ స్టార్ తప్పే మళ్లీ చేసినట్టు. అందుకని బెలూన్ నుంచి ఆవిరి ఎత్తును బట్టి ఎట్లా పరుచుకుందన్న ఆకారం, ఉష్ణోగ్రత మాత్రమే తీసుకున్నాం. మొత్తం ఎంత ఉందన్నది ఆ రాత్రి వర్ణపటమే చెప్పాలి. ఆక్సిజన్‌కు మాత్రం సంఖ్యను వదల్లేదు, ఎయిర్‌మాస్, పీడనం ఇచ్చి బిగించేశాం. ఆ గీతలు స్థిరంగా ఉంటాయి కాబట్టి తరంగదైర్ఘ్యాల కొలబద్దగా వాడుకున్నాం. సూర్యుడిని చూసేవాళ్లు 6302.0, 6302.8 దగ్గరి ఆక్సిజన్ గీతల్ని ఎన్నో ఏళ్లుగా అట్లాగే వాడుతున్నారు.

నీటి మొత్తాన్ని ఎక్కడ కొలవాలి? హెచ్-ఆల్ఫా దగ్గర కాదు, అది తీర్మానం అయిపోయింది. 7160 నుంచి 7340 దాకా నీటి గీతలు దట్టంగా ఉన్నాయి. వాటిలో మరీ లోతైనవి వదిలేశాం, ఎందుకంటే గీత అడుగు తాకాక నీరు ఎంత పెరిగినా లోతు పెద్దగా మారదు. మధ్యరకం గీతలు తీసుకున్నాం. కానీ చల్లటి నక్షత్రం కదా, ఆ ప్రాంతంలో దాని సొంత గీతలు కూడా కిక్కిరిసి ఉన్నాయి. ఏది ఎవరిదో విడదీయడానికి మమ్మల్ని మోసం చేసిన కదలికే సాయపడింది. నక్షత్రం గీతలు మూడున్నర నెలల్లో సెకనుకు 40 కిలోమీటర్ల మేర జరుగుతాయి, నీటి గీతలు కదలవు. అన్ని రాత్రుల్నీ ఒకేసారి కూర్చోబెట్టి, నక్షత్రం లెక్కలో నిలిచే భాగం ఇది, భూమి లెక్కలో నిలిచే భాగం ఇది అని విడగొట్టి, ఒకదాన్ని సరిచేసి రెండోదాన్ని, మళ్లీ మొదటిదాన్ని సరిచేస్తూ పోయాం.

ఇంకొకటి, చిన్నదిగా కనిపించేది, నిజానికి సగం తేడా తెచ్చింది. గాలి గీతలు చాలావరకు మా పరికరం విడదీయగలిగిన దానికంటే సన్నవి. పరికరం వాటిని మసకబారుస్తుంది. కానీ ఆ మసక పడేది నక్షత్రం వెలుగును గాలి వడగట్టిన తర్వాత. విడిగా మసకబారిన గాలి వర్ణపటంతో, మసకబారిన నక్షత్ర వర్ణపటాన్ని భాగిస్తే అసలు నక్షత్రం రాదు, గీత ఏటవాలుగా ఉన్న చోట అంచులు మిగులుతాయి. కాబట్టి భాగించడం పూర్తిగా మానేశాం. నక్షత్రం నమూనాను గాలి నమూనాతో అతి సన్నటి గళ్లలో గుణించి, ఆ తర్వాత పరికరం మసకను అద్ది, అప్పుడు డేటాతో పోల్చాం. తప్పుంటే నమూనాను సరిచేయాలి, డేటా మీద చేయి వేయకూడదు.

సూర్యుడితో పరీక్ష

నక్షత్రం నిజంగా ఎట్లా ఉంటుందో మాకు తెలియదు. సూర్యుడెట్లా ఉంటాడో తెలుసు. అమెరికాలోని కిట్ పీక్ అబ్జర్వేటరీ నుంచి 1984లో వచ్చిన సూర్య వర్ణపటం ఉంది. జర్మనీలోని గ్యోటింగెన్‌లో తీసిన సూర్య వర్ణపటాల నుంచి భూమి గీతల్ని విడదీసి 2020లో ఆష్లీ బేకర్, కల్లెన్ బ్లేక్, ఆన్స్‌గర్ రైనర్స్ ప్రచురించినదీ ఉంది. ఈ రెండోదాన్ని మా పరికరం మసకకు దించి, మా గాలి నమూనాతో కలిపి, చంద్రుడి వర్ణపటాల మీద పెట్టాం.

నక్షత్రానికి పనిచేసిన కదలిక ఉపాయం ఇక్కడ పనిచేయదు. భూమికి సూర్యుడికి మధ్య వేగం ఎప్పుడూ సెకనుకు ఒక కిలోమీటరు లోపే తిరుగుతుంది, చంద్రుడి కదలిక కలిపినా పెద్ద తేడా లేదు. మా పరికరానికి అది కనబడదు. పూర్వం ఆల్ఫ్రెడ్ కోర్నూ అనే ఆయన దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టాడు. సూర్యబింబాన్ని తూర్పు అంచు నుంచి పడమటి అంచుకు చీలిక మీద అటూ ఇటూ ఊపితే, సూర్యుడి భ్రమణం వల్ల సూర్యుడి గీతలు ఊగుతాయి, భూమి గీతలు నిలబడతాయి. చంద్రకాంతిలో మొత్తం బింబం కలిసే వస్తుంది కాబట్టి మాకు అదీ లేదు. మాకున్నది ఒక్కటే: ఆవిరి తక్కువున్న రాత్రులు, ఎక్కువున్న రాత్రులు. రెండింటిలోనూ తీసేశాక మిగిలే సూర్యుడు ఒక్కటే కావాలి.

దాదాపు అయ్యాడు. రెండు మూడు నీటి గీతలు మాత్రం ప్రతి రాత్రీ ఒకే నిష్పత్తిలో కొంచెం మిగిలాయి. నీరు పెరిగినా తగ్గినా అదే నిష్పత్తి అంటే తప్పు నీటి మొత్తంలో లేదు, పట్టికలో ఆ గీతల బలంలో ఉంది. వాటి బలాన్ని చంద్రుడి డేటాతో సరిచేశాం, నక్షత్రం డేటాతో కాదు. అప్పుడే నక్షత్రానికి వాడే అర్హత వాటికి వస్తుంది.

ఆ తర్వాతే నక్షత్రం హెచ్-ఆల్ఫా తెరిచాం. కృత్రిమ గుంట దూర్చి చూశాం, దూర్చినంతా తిరిగొచ్చింది.

మిగిలినది

వేగం పుంజుకునే గాలి లేదు. నీలి అంచులోని గుంట దాదాపు మొత్తం మన నీరే. ఏప్రిల్‌లో లోతు పెరిగింది మన ఎండాకాలం గాలిలో ఆవిరి పెరగడం వల్ల.

అయితే హెచ్-ఆల్ఫా అడుగుభాగంలో చిన్న వంకర ఒకటి మిగిలింది. గుంటతో పోలిస్తే చాలా చిన్నది, ఇంతకుముందు దాని నీడలో కనబడనే లేదు. ఆమె దాన్ని భూమి లెక్కలోనూ, నక్షత్రం లెక్కలోనూ రెండు బొమ్మలుగా వేసి తెచ్చింది. నేను అడగకముందే. భూమి లెక్కలో అది జరుగుతోంది, నక్షత్రం లెక్కలో నిలబడి ఉంది. చంద్రుడిలో లేదు. ఒక్క రాత్రిలో మాత్రం మిగతావాటి కంటే లోతుగా ఉంది. ఆ రాత్రి నీటి మొత్తం చూస్తే మామూలుగానే ఉంది.

"దీన్ని నమ్మొచ్చా సార్?" అంది.

ఒక్క రాత్రి సరిపోదన్నాను. వచ్చే జనవరికి ఆమె మళ్లీ సమయం అడిగింది. దరఖాస్తులో నక్షత్రానికి ముందూ వెనకా చంద్రుడికి పది నిమిషాల చొప్పున రాసుకుంది.